గేటు బయట నిలబెట్టిన మనిషి

ఉత్తరం పొద్దున టీ తాగుతుండగా వచ్చింది. కవరు మీద "మిస్ హొనోరా టియర్నీ గారికి" అని ఉంది. ముప్ఫయ్యేడేళ్ళ కిందట పెళ్ళయి, ముగ్గురిని కని, అందులో ఇద్దరిని చాపెల్ వెనక మట్టిలో పెట్టి, వాళ్ళ పక్కనే తొమ్మిదేళ్ళ కిందట భర్తనూ పెట్టుకున్న ఆడమనిషిని పట్టుకుని మిస్ అట, మిస్! హొనోరా టిరెల్‌కు ఒళ్ళు మండింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. టియర్నీ ఆమె పుట్టింటి పేరు. ఆ పేరుతో ఆమెను ఎవరైనా పిలిచి నలభై ఏళ్ళు కావస్తోంది.

రాసినవాడు వెదర్బీ అనే ఇంగ్లండు లాయరు. సంగతి సూటిగానే చెప్పాడు. పోయిన డిసెంబరులో పదో ఆర్డ్‌మోయిల్ వైకౌంటు చార్లెస్ టిరెల్ పిల్లలు లేకుండా చనిపోయారు. ఆయన తమ్ముడు, కీర్తిశేషులు జెరాల్డ్, మీతో జరుపుకున్న "పెళ్ళి" చట్టం ముందు పెళ్ళి కాదు. కాబట్టి మీ అబ్బాయి డాక్టర్ రెడ్మండ్‌కు ఆ బిరుదు రాదు. అది మా క్లయింటు, చార్లెస్ గారి చిన్నాన్న మనవడు, అగస్టస్ టిరెల్ గారికి చెందుతుంది. ఇదీ సారాంశం. పెళ్ళి అన్న మాటకు అటూ ఇటూ కొక్కేలు కూడా తగిలించాడు మహానుభావుడు. ఆ కొక్కేలు చూసే ఆమె కాగితాన్ని పొయ్యిలో వెయ్యబోయింది. రెడ్మండ్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండమ్మా. మన లాయరు లానిగన్ గారికి చూపించాలి."

"చూపించి? నేను ఎవరి పెళ్ళాన్నో లానిగన్ చెప్పాలా నాకు?"

"నీకూ నాకూ తెలుసు. లండన్‌లో కూర్చుని బిరుదులు తేల్చే ప్రభువులకు తెలియాలిగా."

రెడ్మండ్ ములింగార్ పట్నంలో డాక్టరు. ముప్ఫయ్యైదేళ్ళవాడు, జ్వరాలకీ పురుళ్ళకీ గుర్రబ్బండి తోలుకుంటూ తిరిగే మనిషి. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు. బతుకుతానా అని రోగి అడిగితే బతకవనే చెప్పేవాడు. అందుకే సగం ఊరు పక్క వీధి డాక్టరు దగ్గరికి పోయేది. బిరుదు మీద అతనికి పెద్ద మోజు లేదు. తల్లిని మిస్ అన్నారన్న మంట మాత్రం గట్టిగా ఉంది.

ఆర్డ్‌మోయిల్ ఊరి ప్రభువులు టిరెల్ వాళ్ళ సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎప్పుడో పదహారు వందల ఇరవై రెండులో రాజుగారు వాళ్ళను వైకౌంట్లను చేశాడు. యుద్ధంలో చేసిన సాయానికని వాళ్ళంటారు, మంచి గుర్రాలు పంపినందుకని ఊరంటుంది. అప్పటికి వాళ్ళూ ఊరిలాగే కేథలిక్కులు. తరవాత కేథలిక్కు చనిపోతే భూమి కొడుకులందరికీ ముక్కలైపోవాలని, పెద్దకొడుకు ప్రొటెస్టెంటు అయితే మొత్తం అతనికేనని చట్టం వచ్చింది. నాలుగో వైకౌంటు ఒక ఆదివారం డబ్లిన్ వెళ్ళి, ప్రొటెస్టెంటు చర్చిలో రొట్టె తిని, మతం మారినట్టు సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని తిరిగొచ్చాడు. ఆ శుక్రవారం, కేథలిక్కులు మాంసం ముట్టని రోజున, కిటికీలన్నీ తెరిపించి, అందరూ చూసేలా కూర్చుని గొడ్డుమాంసం లాగించాడు. భూమి నిలిచింది. ఊరు మాత్రం నూట ఎనభై ఏళ్ళుగా ఆ కిటికీల గురించి చెప్పుకుంటూనే ఉంది.

మతం మారినా ఒక్క పద్ధతి మారలేదు. టిరెల్ తండ్రి చనిపోతే శవం పెట్టెను కొడుకులే మోయాలి. చర్చి లోపల చిన్నకొడుకు లేచి నిలబడి కీర్తన చదవాలి. నౌకర్లు మోసిన టిరెల్ ఇంతవరకూ లేడు.

ఊరి కేథలిక్కులు ప్రార్థనకు వెళ్ళేది చాపెల్‌కు. వాళ్ళకూ ఒక పద్ధతి ఉంది. ప్రొటెస్టెంటు చర్చి గడప తొక్కకూడదు. తొక్కితే మామూలు పాపం కాదు, బిషపు దాకా పోయే పాపం. ఎంత కావలసినవాడు చనిపోయినా సరే, చర్చి గేటు బయటే టోపీ తీసి నిలబడాలి. లోపల ప్రార్థన అయ్యేదాకా వానలో తడిసి, ఆ తరవాత సమాధి గుంట దగ్గరికి రావచ్చు. అక్కడ తప్పు లేదు, ఆకాశం ఎవరి సొత్తూ కాదు కదా.

పద్దెనిమిది వందల యాభైలో తొమ్మిదో వైకౌంటు గారి చిన్నకొడుకు జెరాల్డ్, పిండిమిల్లు టియర్నీ కూతురు హొనోరా కోసం కేథలిక్కుల్లో కలిశాడు. తండ్రి మాట్లాడటం మానేశాడు. మరుసటి ఏడు నవంబరులో చనిపోయాడు. మాట్లాడకుండానే పోయాడు.

అంత్యక్రియల రోజు జెరాల్డ్ గేటు బయట, కేథలిక్కు రైతుల మధ్య, హొనోరా పక్కన నిలబడ్డాడు. చాపెల్ ఫాదర్ ముందురోజే పిలిచి గట్టిగా చెప్పాడు, లోపల అడుగు పెట్టావో పెళ్ళి మాట మర్చిపో అని. సన్నగా జల్లు పడుతోంది. పెట్టె వచ్చింది. ముందు కుడివైపు చార్లెస్. ఎడమవైపు, జెరాల్డ్ ఉండాల్సిన చోట, తోటమాలి. తోటమాలి పొట్టివాడు, పెట్టె అటువైపు ఒరిగిపోతోంది. జెరాల్డ్ ఒక అడుగు వేసి ఆగిపోయాడు. హొనోరా అతని మొహం చూసింది. ఆ మొహంతో ఈ మనిషి జీవితమంతా నా ఎదురుగా కూర్చుని భోంచేస్తాడా అనిపించింది.

"వెళ్ళు," అంది. "మీ నాన్న."

వెళ్ళాడు. తోటమాలిని తప్పించి భుజం ఇచ్చాడు. లోపలికి మోశాడు. కీర్తన కూడా చదివాడని తరవాత చెప్పాడు. ఫాదర్ నెల రోజులు మొహం చూడలేదు గానీ చివరికి కరిగాడు. మరుసటి ఫిబ్రవరిలో, ఉపవాసాల కాలం మొదలయ్యే ముందురోజు, చాపెల్‌లో పెళ్ళి చేశాడు. నువ్వు పంపించకపోయి ఉంటే నేను మనిషిని కాకుండా పోయేవాణ్ణే హొనోరా అని జెరాల్డ్ ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. ఆ ఒక్క మాట మీద వాళ్ళ కాపురం ఇరవై ఎనిమిదేళ్ళు నడిచింది.

ఆ రోజుల్లో వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. పెళ్ళికి ముందు పన్నెండు నెలల్లో ఒక్కసారైనా ప్రొటెస్టెంటుగా మసలిన మనిషికి కేథలిక్కు ఫాదర్ పెళ్ళి చేస్తే ఆ పెళ్ళి చెల్లదు. చట్టం అది. పదేళ్ళ తరవాత ఎవరిదో అలాంటి పెళ్ళి కోర్టుకెక్కి దేశమంతా చెప్పుకున్నప్పుడు మొగుడూ పెళ్ళాలు పేపరు చదివి తెల్లబోయారు. చట్టం తరవాత పోయింది, కానీ దానికి ముందు జరిగిన పెళ్ళిళ్ళు అలాగే ఉండిపోయాయి. ఇక ఆ అంత్యక్రియల సంగతి ఇంట్లో ఎత్తలేదు. కొడుకుకు అసలు చెప్పలేదు.

లానిగన్ ములింగార్ లాయరు. బొద్దుగా, నిద్రమత్తు కళ్ళతో ఉంటాడు. ఆయన నిద్రపోయాడనుకుని మాట జారినవాళ్ళు జైల్లో ఉన్నారు. రెడ్మండ్‌ను ఏవో కాగితాల వంకతో బయటికి పంపి, తలుపు వేసి కూర్చున్నాడు.

"అమ్మగారూ, మీ మామగారి అంత్యక్రియలకు జెరాల్డ్ గారు చర్చి లోపలికి వెళ్ళారని వెదర్బీ వాదన. ఆ రోజు ఏం జరిగిందని నేను అడగను. ముందు చట్టం చెప్తాను. ఆ తరవాత నేను కాసేపు కిటికీలోంచి ఆ కోడిని చూస్తూ కూర్చుంటాను. అప్పుడు మీరు ఏం జరిగిందో చెప్పండి."

చట్టం చెప్పాడు. గడప దాటి, పెట్టె మోసి, కీర్తన చదివితే కొంప మునిగినట్టే. గేటు బయట ఉండిపోతే వెదర్బీ కేసు గంగలో కలిసినట్టే. ఆ తరవాత కిటికీ వైపు తిరిగి కోడిని చూశాడు.

"నా ఇద్దరు పిల్లల రాయి మీద టిరెల్ అని ఉంది లానిగన్ గారూ," అంది చివరికి.

"ఉంది."

"పెళ్ళి కాదంటే?"

"అంటే ఆ రాయి కూడా అబద్ధమే."

"అయితే గేటు బయటే నిలబడ్డాడు."

లానిగన్ కోడిని వదిలి ఇటు తిరిగాడు. "నేనూ అలాగే విన్నానమ్మా. అబ్బాయికి కూడా అలాగే తెలియడం మంచిది. వేరే ఏదైనా తెలిస్తే ఆ నిజాయితీపరుడు బిరుదు కోరే కాగితం మీద సంతకం పెట్టడు. మొదటి బండెక్కి నేరుగా వెదర్బీ గారి గుమ్మంలో దిగుతాడు."

అది నిజమే. హొనోరాకు తన కొడుకు సంగతి తెలుసు.

ఇక ఊరు రంగంలోకి దిగింది. నూట ఎనభై ఏళ్ళ తరవాత ఆర్డ్‌మోయిల్‌కు కేథలిక్కు ప్రభువు వచ్చే అవకాశం! ఊరుకుంటారా? జెరాల్డ్ గేటు బయట నిలబడ్డాడని ప్రమాణం చెయ్యడానికి పదకొండు మంది తయారయ్యారు. అందులో ముగ్గురు అప్పటికి పుట్టలేదు. వాళ్ళను లానిగన్ బతిమాలి ఇంటికి పంపాడు. అందరికీ ముందు నిలబడింది కిట్టీ గాఫ్నీ. మిల్లులో పిండి జల్లించేవాళ్ళ అమ్మాయి, హొనోరాకు చిన్ననాటి స్నేహితురాలు. ఆ రోజు గేటు దగ్గర హొనోరాకు ఇటుపక్కన నిలబడినది ఆవిడే. చూసింది, మొత్తం చూసింది.

ములింగార్ కోర్టులో సాక్ష్యం చెప్పి వచ్చి, కిట్టీ హొనోరా వంటింట్లో సోడా రొట్టెకు దిట్టంగా వెన్న రాసుకుంటూ కూర్చుంది.

"ఏం చెప్పావే?" అంది హొనోరా.

"ఏం చెప్తానే, నిలబడ్డాడని చెప్పా. బోడిగుండు మీద వాన కారుతున్నా కదల్లేదని చెప్పా."

"ఆయనకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. బోడిగుండు ఎక్కడిది?"

"పోనీలే, జుట్టు మీద. జపమాల తిప్పుతున్నాడని కూడా చెప్పా. పెట్టె పోతుంటే కళ్ళు మూసుకున్నాడని చెప్పా. ఆ ఇంగ్లీషువాడు రాసుకోలేక చచ్చాడు."

"బైబిలు మీద ప్రమాణం చేసి ఇన్ని అబద్ధాలా కిట్టీ?"

"ఒసే పిచ్చిదానా, బైబిలును ఎవరు ముద్దు పెట్టుకున్నారే? పుస్తకం మీద బొటనవేలు పెట్టి ఆ వేలినే ముద్దు పెట్టుకున్నా. మా అమ్మ నేర్పింది. అయినా అది వాళ్ళ బైబిలు, మనది కాదు. లెక్కలోకి రాదు."

హొనోరా నవ్వింది. నవ్వి, ఆ తరవాత తన రొట్టె ముక్క ప్లేటులో వదిలేసింది. వారం రోజులుగా ఎవరు వచ్చినా ఇదే కథ. ఒకడు జెరాల్డ్ ఏడ్చాడన్నాడు, ఇంకొకడు అస్సలు ఏడవలేదు రాయిలా నిలబడ్డాడన్నాడు. చార్లెస్ బతిమాలినా తల తిప్పేసుకున్నాడని చెప్పులు కుట్టే ఫారెల్ కొత్తగా కలిపాడు. మెచ్చుకుంటున్నామనుకునే చెప్పారు అందరూ. తన మొగుణ్ణి పట్టుకుని, తండ్రి శవం ఎదురుగా పోతుంటే కదలనివాణ్ణి చేసి, ఊరంతా చప్పట్లు కొడుతోంది. ఆమెకు వాళ్ళ మీద కోపం వచ్చింది. కోపం చూపించడానికి వీల్లేదు, వాళ్ళు పాపం తన కోసమే చేస్తున్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇంకా కోపం వచ్చింది.

మిగిలింది ఒక్కడే. చర్చిలో గంట కొట్టే ఐజాక్ బూత్‌మన్. ప్రొటెస్టెంటు, ఎనభై రెండేళ్ళు, చర్చి గోడ పక్క చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. ఆ రోజు చర్చి లోపల ఉన్నవాళ్ళలో బతికున్నది ఆయనే. ఈ మనిషి జీవితంలో అబద్ధం ఆడలేదని కేథలిక్కులు కూడా ఒప్పుకుంటారు. కొంచెం విసుగ్గానే ఒప్పుకుంటారు.

హొనోరా ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన గుమ్మంలో కూర్చుని క్యారెట్లు గీరుతున్నాడు. లేవబోతే వద్దంది.

"వెదర్బీ గారు వచ్చి వెళ్ళారమ్మగారూ," అన్నాడు ఆయనే ముందుగా. "అందుకేగా మీరు వచ్చింది?"

"అందుకే."

"జెరాల్డ్ గారు లోపలికి రావడం చూశావా అని అడిగారు. చూడలేదన్నాను. గంట తాడు దగ్గరినుంచి తలుపు కనపడదు, మధ్యలో స్తంభం అడ్డం. కావాలంటే వచ్చి చూసుకోమన్నాను. వచ్చి, తాడు పట్టుకుని మరీ చూసుకున్నాడు."

"అంతేనా?"

"అంతే. విన్నావా అని అడగలేదు. ఆయన అడగని ప్రశ్నకు నేనెందుకు జవాబు చెప్పాలి?"

హొనోరా గోడకు ఆనుకుంది. ఆయన పక్కనున్న పీట జరిపితే కూర్చుంది.

"మీరు మాకెందుకు సాయం చెయ్యాలి ఐజాక్ గారూ? మా పిల్లవాడు గెలిస్తే మీ ప్రభువు మావాళ్ళలోకి వచ్చేస్తాడు."

"అది నాకిష్టం లేదు. మొహమాటం లేకుండా చెప్తున్నా, అస్సలు ఇష్టం లేదు." క్యారెట్టును గట్టిగా ఒక గీకు గీకాడు. "కానీ తండ్రిని మోశాడని, మోసినందుకు, మనిషికి పెళ్ళామే లేదంటారా? అదేం న్యాయం? నాకు ఒళ్ళు మండింది."

హొనోరా, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేసింది.

"కీర్తన ఆయన ఎలా చదివారు?"

ఆయన ఆమె వైపు చూశాడు. ఈవిడ గేటు బయట ఉండిపోయిందనీ, మొగుడి గొంతు ఆ రోజు వినలేదనీ అప్పుడే తట్టినట్టుంది.

"తొంభయ్యో కీర్తన. మొదలుపెట్టాడు. నాలుగు ముక్కలు చదివి ఆగిపోయాడు. ఎంతసేపు ఆగాడంటే పాదిరి లేచి తను చదవబోయాడు. చార్లెస్ గారు ఆయన కోటు పట్టుకుని కూర్చోబెట్టేశాడు. ఉండండి, వాడు చదువుతాడు అన్నాడు. అప్పుడు జెరాల్డ్ గారు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని చివరిదాకా చదివాడు. నేను తాడు వదిలేసి విన్నాను. ఈ చర్చిలో అరవై ఏళ్ళుగా వింటున్నా, అంత బాగా ఎవరూ చదవలేదమ్మా. బిషపుతో సహా."

హొనోరా ఏడ్చింది. దాచుకోకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఐజాక్ ఆమె వైపు చూడకుండా మిగిలిన క్యారెట్లన్నీ గీరేశాడు. ఒక్కడికి అన్ని క్యారెట్లు ఏం చేసుకుంటాడో!

గురువారం కోర్టులో ఆమె వంతు వచ్చింది. వెదర్బీ పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు, తలుపు కూడా తెరిచి పట్టుకున్నాడు. దుర్మార్గుడైతే ఆమెకు సులువుగా ఉండేది. వెనక బెంచీ మీద రెడ్మండ్ కూర్చున్నాడు. గుమాస్తా బైబిలు అందించాడు. కిట్టీ చెప్పిన చిట్కా గుర్తొచ్చింది. బొటనవేలు పుస్తకం మీదికి కొంచెం జరిపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. దేవుడితో వేళ్ళ ఆట ఏమిటి ఈ వయసులో! పుస్తకాన్నే ముద్దు పెట్టుకుంది.

"ఆ రోజు మీరు గేటు దగ్గర ఉన్నారు?" అన్నాడు వెదర్బీ.

"ఉన్నాను."

"జెరాల్డ్ గారు?"

"నా పక్కన."

"ఆయన లోపలికి వెళ్ళారా?"

"లేదు."

"అంతసేపూ మీ పక్కనే ఉన్నారా?"

"అంతసేపూ."

"శవపేటిక ఆయన ముందునుంచి వెళ్ళినప్పుడు ఏం చేశారు?"

ఈ ప్రశ్న లానిగన్ చెప్పలేదు. ఎనిమిది మంది ఎనిమిది రకాలుగా చెప్పారు. ఏదో ఒకటి ఏరుకోవాలి. ఏదీ నోటికి రాలేదు.

"టోపీ తీశారు," అంది.

వెదర్బీ కాగితాలు కింద పెట్టాడు. కేసు సంగతి మర్చిపోయి ఒక మామూలు మనిషిలా అడిగాడు. "తండ్రి కదమ్మా. తోటమాలి మోస్తుంటే టోపీ తీసి ఊరుకున్నారా?"

"ఊరుకున్నారు."

వెనక బెంచీ మీద ఎవరో కదిలిన చప్పుడు. ఆమె తిరిగి చూడలేదు. వెదర్బీ ఇంకేమీ అడగలేదు.

ఎండాకాలంలో లండన్‌నుంచి కబురొచ్చింది. డాక్టర్ రెడ్మండ్ టిరెల్ పదకొండో ఆర్డ్‌మోయిల్ వైకౌంటు. అందరి నుంచీ మిసెస్ టిరెల్ అని రాసిన ఉత్తరాలే రావడం మొదలైంది. వెదర్బీ కూడా అలాగే రాసి, క్షమాపణ చెప్పుకున్నాడు. ఊరు మూడు రోజులు తాగింది. పక్క వీధి డాక్టరు దగ్గరికి పోయే రోగులందరూ ప్రభువు చేత నాడి చూపించుకోవాలని మందలు మందలుగా రెడ్మండ్ దగ్గరికి వచ్చారు. బతకవని చెప్పినా సంబరంగానే వెళ్ళారు.

ఆదివారం చాపెల్‌లో కొత్త ఫాదర్ ప్రసంగం మొత్తం జెరాల్డ్ గురించే చేశాడు. కుర్రవాడు, ఈ ఊరికి వచ్చి రెండేళ్ళు. తండ్రి కన్నా, వంశం కన్నా, రక్తం కన్నా విశ్వాసం గొప్పదని గేటు బయట వానలో నిలబడి చూపించిన ధీరుడు అన్నాడు. జనం అందరూ మెడలు తిప్పి మొదటి వరసలో ఉన్న హొనోరాను చూశారు. కిట్టీ గాఫ్నీ రుమాలు తడిసేలా ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు. ఈపాటికి ఆవిడ కూడా నమ్మేసింది. హొనోరా బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. ఈ చాపెల్‌లో జెరాల్డ్ కోసం ప్రార్థించని ఆదివారం లేదు. ఆ రోజు అతని పేరు నోట్లోకి రాలేదు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తుంది!

ఇంటికి వెళ్ళేటప్పుడు రెడ్మండ్ గుర్రబ్బండి తనే తోలాడు. ప్రభువైనా బండివాణ్ణి పెట్టుకోలేదు. చెరువు వంపు దాటాక నోరు విప్పాడు.

"అమ్మా, ఒకటి అడుగుతా. కోప్పడకు."

"అడుగు."

"నాన్న నిజంగానే అలా నిలబడిపోయాడా?"

ఆమె గుర్రం చెవుల వైపు చూస్తూ ఉండిపోయింది.

"అందరూ గొప్ప అంటున్నారు," అన్నాడు. "నాకు గొప్ప అనిపించట్లేదు. కోర్టులో నువ్వు చెప్తుంటే సిగ్గేసింది, లేచి బయటికి పోదామనుకున్నా. కన్నతండ్రిని తోటమాలి మోస్తుంటే టోపీ తీసి నిలబడతాడా మనిషి? నేనైతే వెళ్ళేవాణ్ణి. పాపమో పుణ్యమో తరవాత చూసుకునేవాణ్ణి. నాన్న మెత్తని మనిషి అనుకున్నా ఇన్నాళ్ళూ. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషేనా ఈయన అనిపిస్తోంది. మూడు నెలలుగా ఆ సమాధి దగ్గరికి పోవట్లేదు, నువ్వు గమనించే ఉంటావ్."

గమనించింది. తీరిక లేక అనుకుంది. అలా అనుకోవాలని అనుకుంది.

నిజం చెప్పెయ్యాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది. మోశాడురా, కీర్తన చదివాడురా, బిషపు కన్నా బాగా చదివాడురా! ఆ ముక్క అన్న మరుక్షణం ఈ పిచ్చివాడు గుర్రాన్ని ములింగార్ స్టేషను వైపు తిప్పుతాడు. రేపటికి లండన్. ఎల్లుండికి తల్లి మిస్, కొడుకు ఎవరికీ కానివాడు, చాపెల్ వెనక రాయి మీద పేర్లు అబద్ధం. చెప్పకపోతే జెరాల్డ్ ఇలాగే ఉండిపోతాడు. అతణ్ణి ఎరిగిన ఒక్కగానొక్క కొడుకు కూడా అతణ్ణి చూసి సిగ్గుపడుతూ బతుకుతాడు. ఊరు ఏమనుకున్నా ఓర్చుకుంది. ఇది ఓర్చుకోలేకపోయింది.

"మీ నాన్న వెళ్ళబోయాడు," అంది.

రెడ్మండ్ ఇటు తిరిగాడు.

"అడుగు కూడా వేశాడు. నేనే పోనివ్వలేదు. చెయ్యి పట్టుకుని లాగేశా. లోపలికి పోయావంటే నీకూ నాకూ పెళ్ళి లేదన్నా. నీ నాన్న కావాలో నేను కావాలో తేల్చుకోమన్నా."

"నువ్వా?"

"నేనే. ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నాడు. చచ్చేదాకా నన్ను ఒక్క మాట అనలేదు."

రెడ్మండ్ పగ్గాలు బిగించాడు. గుర్రం ఆగింది. చాలాసేపు అతను ఆమెను చూశాడు, రోగి ఎదుట కూర్చుని జబ్బేమిటో తేల్చుకునేటప్పుడు చూసినట్టు. తరవాత మొహంలో ఏదో వదులైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పాపం నాన్న," అన్నాడు. "పాపం, ఎంత నలిగిపోయి ఉంటాడో."

"అవును," అంది హొనోరా.

రెడ్మండ్ బండిని రోడ్డు మధ్యలోనే వెనక్కి తిప్పి, వచ్చిన దారినే చాపెల్ దాకా తోలాడు. జనం అప్పటికి వెళ్ళిపోయారు. బండి నీడలో ఆపి, పగ్గాలు ఆమె చేతికిచ్చి దిగాడు. గడ్డిలోంచి గబగబా నడిచి తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాయి చుట్టూ పెరిగిన పిచ్చిమొక్కలు రెండు చేతులతో పీకడం మొదలుపెట్టాడు. పీకుతూ ఏదో మాట్లాడుతున్నాడు, ఏమిటో ఇక్కడికి వినపడలేదు. హొనోరా పగ్గాలు పట్టుకుని బండిలోనే కూర్చుంది. ఆమెను అతను దిగమనలేదు.